నీ మొహం!

మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి ఓ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగొచ్చింది.

"ఆంటీ, మీరు నవలలు రాస్తారుగా! 'నీ మొహం, ఊరుకో' అంటే తిట్టా, ముద్దా?"

"ఎవరు, ఎవర్ని అన్నారు?"

"అది చెప్పరండీ. వాక్యం ఒక్కటే ఇస్తారు."

కృత్రిమ మేధకి తెలుగు నేర్పే పనిట. వాక్యం చదివి ఇది కోపం, ఇది సంతోషం, ఇది తిట్టు అని గుర్తు పెట్టాలి. నెల జీతం లేదు, సెలవు లేదు. వెయ్యి బీడీలకింత అన్నట్టు, వాక్యానికింత. నచ్చని జవాబు కొట్టేస్తే అదీ లేదు.

"ముద్దే!" అని తీర్పు చెప్పేశాను. మా బామ్మ నెత్తిన మొట్టి, చేతిలో జంతిక పెడుతూ అనే మాట అది. నాకు తెలీదూ! కాఫీ ఇచ్చి, మరో పదిహేను వాక్యాలకి కూడా నా పాండిత్యం ఒలకబోశాను.

వారం తిరక్కుండా మొహం వేలాడేసుకుని వచ్చింది. ఒకే వాక్యాన్ని ముగ్గురికిస్తారట. మిగతా ఇద్దరూ 'తిట్టు' అన్నారు. ఎక్కువమంది ఏమంటే అదే ఒప్పు. నేను చెప్పినవాటిలో తొమ్మిది తప్పులయ్యాయి. డబ్బు పోతే పోయింది, తప్పులు పెరిగితే పనే ఇవ్వరట!

"వెళ్లి అడక్కపోయావా?"

"ఎవర్నండీ?"

నిజమే. పనిచ్చేవాడి మొహం ఈ పిల్ల ఏనాడూ చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో చదివిన ముచ్చట గుర్తొచ్చింది. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే కొయ్యబొమ్మని చూపించాడు. తలపాగా చుట్టిన టర్కీవాడి బొమ్మ. ఎత్తు మీద ఎత్తు వేస్తుంటే జనం నోళ్లు తెరిచారు. తీరా చూస్తే కింద పెట్టెలో మనిషి! 2005లో అమెజాన్ వాళ్లు ఇలాంటి చిల్లర పనులు పంచే ఏర్పాటు చేసి, దానికి ఆ బొమ్మ పేరే పెట్టుకున్నారు, 'మెకానికల్ టర్క్' అని. దాపరికం లేదు సుమండీ!

కెన్యాలో నైరోబీ వాళ్ల సంగతి 2023 జనవరిలో 'టైమ్' పత్రిక రాసింది. చాట్‌జీపీటీ నోట చెడుమాట రాకూడదని, హత్యలూ అత్యాచారాలూ వర్ణించే రాతల్ని పొద్దస్తమానం చదివి గుర్తులు పెట్టారు వాళ్లు. చేతికొచ్చింది గంటకు 1.32 నుంచి 2 డాలర్లు. మధ్యనున్న కంపెనీకి రాసుకున్న ఒప్పందం గంటకు 12.50 డాలర్లు! ఆ కళ్లకి తర్వాతెప్పటికో నిద్ర పట్టి ఉంటుంది.

పేజీకింత అని తీసుకోవడం నాకూ అలవాటే. కాని నా రాత కింద నా పేరు పడుతుంది. తిరగ్గొడితే సంపాదకుడికి ఉత్తరం రాసి పోట్లాడతాను. పెట్టెలో మనిషికి ఆ పాటి దారైనా ఉండద్దూ?

మర్నాడు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. "'చంపేస్తాను, తిను' - ఇది బెదిరింపా అండీ?"

వాళ్లమ్మ కంచం ముందు కూచోబెట్టి అనే మాటేనట. ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం.

"నలుగురూ ఏమంటారో అదే పెట్టమ్మా" అన్నాను.

బెదిరింపు అనే పెట్టింది. వాక్యం డబ్బులొచ్చాయి. రేపు ఏ యంత్రమో మా బామ్మని జగడగొండి అంటే తప్పు దానిది కాదు. నాదీ, నా వాటా కాఫీదీనూ.