పాత పుస్తకపు వాసన

హైదరాబాదులోని ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారములందు పాత పుస్తకములు రాసులుగా పోసి అమ్ముదురు. అచట ముచ్చటపడి కొన్న పుస్తకమును ఇంటికి తెచ్చి తెరచినంతనే ఒక్కొక్కప్పుడు ముక్కు మూసికొనవలసి వచ్చును. అత్తరు చల్లువారును, కలరా ఉండలు పెట్టువారును కలరు. అవి వాసనను కప్పునే కాని పోగొట్టవు. పైగా కలరా ఉండల కంపు పుస్తకమును ఒకంతట విడువదు!

కర్రగుజ్జు కాగితము ముదిరి, అందలి లిగ్నిను క్షీణించుటచే పుట్టు లేత తియ్యని వాసనకు వెరవ పనిలేదు. తేమ తగిలి బూజు పెరిగినచో వచ్చు ముక్కిన వాసనయే చెడ్డది. ఆ బూజు ఉబ్బసము గలవారికి కీడు చేయును; పక్క పుస్తకములకును ప్రాకును.

అట్టి పుస్తకమును వేరుగా ఉంచవలెను. ఎండబెట్టుట వాడుకయే కాని, తీవ్రమైన ఎండకు కాగితము పసుపుబారి పెళుసగును. పూర్వపు చదువరి అంచులలో సిరాతో వ్రాసికొన్న మాటలు వెలిసిపోవును. ఆ మాటలు పోయిన పిమ్మట మరల రావు. కావున గాలియాడు నీడలో పుటలు విప్పి నిలువబెట్టుట మేలు. బూజు పొడిబారిన పిదప, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట మెత్తని కుంచెతో దులుపవలెను. ఆపై మూతగల పెట్టెలో, పుస్తకమునకు తగులకుండ, గిన్నెడు వంటసోడా ఉంచి వారము దినములు మూసిపెట్టవలెను. వాసన ఇంకను మిగిలియున్నచో సోడా మార్చి మరల మూయుటయే.