తిరిగే ఇనుము

మా ఊరు ఎచ్చెర్లకు కూతవేటు దూరం. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం పోయే జాతీయ రహదారి మా పొలాల అంచున సాగుతుంది. ఆ దారి మీద మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపి మమ్మల్ని చదివించారు. అర్ధరాత్రి పురిటినొప్పులు పడుతున్న ఇల్లాలిని శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చాలన్నా, కొత్త దంపతులను అరసవల్లి సూర్యదేవుని దర్శనానికి తీసుకువెళ్ళాలన్నా ఊరికంతటికీ ఆ బండే దిక్కు. కిరాయిలు తగ్గిపోయాక అది పశువులశాల పక్కన పాకలో చేరింది.

ఇంజనీరింగు చదువు ముగించుకొని వచ్చిన మా అక్క కొడుకు దాని మీద కన్నేశాడు. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఒక పందెపుబాట ఉంది. అక్కడ పాత కార్ల పరుగులో తాతయ్య బండిని నడపాలని వాడి కోరిక.

"మావయ్యా, దీన్ని ఉత్త టాక్సీ ఇంజను అనుకోకు" అన్నాడు. వాడు చెప్పినది నిజమే. 1955లో ఇంగ్లండులో వెలువడిన ఎం.జి.ఏ. స్పోర్ట్సు కారులో ఉన్నదీ, మన అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్నదీ ఒకే కుటుంబానికి చెందిన 1489 సి.సి. ఇంజను. నాలుగు సిలిండర్లూ ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. అయితే పందానికి అడ్డు వచ్చేది దాని ఫ్లైవీల్.

కుమ్మరి సారెను చూసినవారికి ఫ్లైవీల్ గురించి వేరుగా చెప్పనక్కరలేదు. కర్రతో ఒకసారి గిర్రున తిప్పి వదిలితే సారె తన బరువు చేతనే తిరుగుతూ ఉంటుంది. ఇంజనులోనూ అంతే. రెండు పేలుళ్ళ నడుమ క్రాంకుషాఫ్టు తడబడకుండా ఈ బరువైన చక్రం దానిని ముందుకు నడిపిస్తుంది. టాక్సీకి అది వరం. పందెపు కారుకు మాత్రం ఆ బరువే భారం, ఎందుకంటే వేగం పెంచినప్పుడల్లా ఆ ఇనుమును కూడా ఇంజనే తిప్పాలి. అంచున కొంత ఇనుము తరిగివేస్తే ఇంజను చురుకుగా లేస్తుంది.

"లేతు మిషను మీద ఒక పూట పని" అన్నాడు మేనల్లుడు. నేను సరే అన్నాను. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నవాణ్ణి, దారానికి రాయి కట్టి తిప్పి వర్తులచలనం వివరించేవాణ్ణి, అంత సులువుగా ఎలా సరే అన్నానో ఇప్పటికీ నాకు బోధపడదు.

శ్రీకాకుళంలో నాన్నగారికి తెలిసిన లేతు మేస్త్రీ ఒకరున్నారు. డెబ్బై దాటిన మనిషి. ముగ్గురం చక్రాన్ని తీసుకొని ఆయన దగ్గరకు వెళ్ళాం. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేశారు.

"ఏటనుకోకండి బాబూ, నేను సెయ్యను. తరిగితే బరువు తగ్గుతాది గానీ పోత ఇనుముకి బలం రాదు కదా!"

పడుచుతనంలో ఆయన ఒక ధాన్యం మిల్లులో ఆయిలింజను చూసుకొనేవారట. ఒకనాడు గవర్నరు పట్టేసి ఇంజను అదుపు తప్పింది. అందరూ బయటకు పరుగెత్తారు. చక్రం పగిలి ఒక ముక్క పెంకులు చీల్చుకొని పోయి అవతల చెరువులో పడింది. "మనిషికి తగిలుంటే మనిషి నేడు" అని, ఆయన ఆ సంగతి అంతటితో వదిలేశారు.

అప్పుడు నేను అక్కడే ఒక కాగితం మీద లెక్క వేశాను. ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, దాని అంచు గంటకు 340 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అంచున ఉన్న ఒక్క గ్రాము ఇనుము, సుమారు ఆరు కిలోల బరువుతో లాగినట్లు బయటికి లాగుతుంది. నాన్నగారు ఏనాడూ ఇంజనును మూడు వేలు దాటనిచ్చి ఉండరు. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది. పోత ఇనుము అణిచే బలాన్ని బాగా ఓర్చుకుంటుంది. లాగే బలాన్ని అంతగా ఓర్వలేదు. పైగా క్లచ్ రాపిడికి వేడెక్కి చల్లారిన చోటల్లా వెంట్రుకల వంటి బీటలు పుడతాయి. చక్రం ఉండేది డ్రైవరు పాదాల ముందే.

మేస్త్రీ చక్రాన్ని కిరసనాయిలుతో తడిపి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూశారు. మేము టీ తాగి వచ్చేసరికి ఒక బోల్టు రంధ్రం పక్కన తెల్లని సుద్ద మీద సన్నని తడిగీత తేలి ఉంది. మేనల్లుడు దానిని వేలితో తుడిచాడు. కాసేపటికి మళ్ళీ తేలింది.

"ఈ బీట ఎప్పటిది?" అని అడిగారు నాన్నగారు.

"ఎలా సెప్పగలం అన్నయ్యా? నూనె పీల్చి నల్లబడిపోనాది. పాతదే."

నాన్నగారు మరి మాట్లాడలేదు. తిరుగుదారిలో చిలకపాలెం దాటాక మాత్రం, ఒక వాన రాత్రి ఎక్కించుకొన్న నిండు గర్భిణి సంగతి ఎత్తి, సగంలో ఆపేశారు.

ఆ తరువాత వెదుకులాట మొదలైంది. ఆ కుటుంబపు ఇంజన్లకు విదేశాలలో ఉక్కు ఫ్లైవీళ్ళు తయారుచేస్తారు. కానీ మనది మూడు బేరింగుల క్రాంకుషాఫ్టు. 1964 తరువాతి ఎం.జి.బి. కార్లలో ఐదు బేరింగులు. ఒకదాని చక్రం మరొకదానికి నేరుగా అమరదు. పందాలవారు పాటించే ఎస్.ఎఫ్.ఐ. ప్రమాణాలు చదివాం. 1970 మార్చిలో అమెరికా పందెగాడు డాన్ గార్లిట్స్ కాళ్ళ దగ్గర గేరుపెట్టె పేలి ఆయన కుడిపాదం సగం తెగిపోయిన వృత్తాంతమూ చదివాం. అది చదివిన రాత్రి మా అక్క వచ్చి, "ఒరే, వాడికి నువ్వే సెప్పి మానిపించు" అంది. మానిపించడం నా వల్ల కాలేదు. వాడు మాత్రం తొందరపడడం మానేశాడు. నాకు అదే పదివేలనిపించింది.

చివరికి సాగగొట్టిన ఉక్కుదిమ్మ ఒకటి తీసుకొని, లోపల పగుళ్ళు లేవని అతిధ్వనులతో పరీక్ష చేయించి, దానినుంచి చక్రాన్ని చెక్కించాం. క్రాంకుషాఫ్టుతో, క్లచ్‌తో కలిపి తూకం సరిచేయించాం. కొత్త బోల్టులు వేశాం. క్లచ్ గూడు చుట్టూ, పాదాల ముందూ మందపాటి ఉక్కురేకు బిగించాం. బండి ఖరీదు కంటే ఈ ఖర్చే ఎక్కువైంది. అందుకు నేను చింతించలేదు కానీ, మా ఆవిడ చింతించింది.

ఇంజను మొదటిసారి పలికిన రోజున నాన్నగారు పాక దగ్గరకు కుర్చీ వేయించుకొన్నారు. చక్రం తేలికైనందున, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బండి చలిజ్వరం వచ్చినట్లు వణికింది. ఆయన ముఖం చిట్లించారు. లేచి వచ్చి, తలుపు తీసి, లోపలికి వంగి, "ఆ రేకు ఎక్కడరా?" అన్నారు. మనవడు చూపించాడు. వేలి కణుపుతో దానిని రెండుసార్లు తట్టి విన్నారు.

అప్పుడు చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటులో కూర్చున్నారు.