నల్ల టేపు బంతి, ఎర్ర తోలు బంతి

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపిక పట్టి చదవండి. క్రికెట్ ముచ్చటే, కానీ మధ్యల ఫిజిక్స్ వస్తది. భయపడకండి, మేము కూడా ఇంటర్‌ల దానికి భయపడ్డోళ్లమే.

మేము నలుగురం దేవరకొండ దిక్కు ఒకే తండా పిల్లలం. ఐదోవాడు ఒకడున్నడు, వాని గురించే ఈ పోస్టు. పేరు రాస్తే తిడుతడు, అందుకే ‘మావాడు’ అనే రాస్తున్నం.

మా గ్రౌండు చెరువు శికం. మార్చి వచ్చేసరికి నీళ్లు ఇంకిపోయి మట్టి నెర్రెలు బారేది. నెర్రెలల్ల మట్టి పూడ్చి, బిందెలతోని నీళ్లు చల్లి, పాత డ్రమ్ము దొర్లిస్తే అదే పిచ్. అమ్మానాయినలు పుణె, ముంబై పనులకు పోయిన ఇండ్లే ఎక్కువ. ముసలోళ్ల దగ్గర ఉండేటోళ్లం. ‘ఇంక చాలు, ఇంటికి రా’ అని గట్టిగ పిలిచేటోళ్లు లేకపోవడంతో పొద్దుగూకేదాకా ఆటే.

డ్యూస్ బాల్ అంటే టీవీలనే చూసినం. మాది టెన్నిస్ బంతి. బోరు మోటరు వైర్లకు చుట్టే నల్ల టేపు తెచ్చి దానికి సగం వరకే చుట్టేటోళ్లం. ఒక పక్క నున్నగ, ఇంకో పక్క బొచ్చు. ఆ బంతి మావాని చేతికిస్తే అయిపాయె. ఆఫ్ స్టంపుకు మూరెడు బయట మొదలైన బంతి లోపలికి తిరిగొచ్చి కాలి స్టంపు లేపేది. పక్క తండాలోళ్లు బంతిల మేకు పెట్టిన్రని లొల్లి చేసిన్రు. ఒకసారి నిజంగనే బంతి కోసి చూపించినం. బంతి పాయె, టేపు పాయె, ఆ రోజు ఆటా పాయె.

మేము గురుకులంల పదో తరగతి చదివేటప్పుడు జిల్లా కేంద్రంల సెలక్షన్ ఉందని తెలిసింది. చందా వేసుకొని మావాన్ని బస్సెక్కించినం. మేము గూడ పోయినం. అక్కడ వాని చేతుల కొత్త ఎర్ర బంతి పెట్టిన్రు. జీవితంల మొదటిసారి పట్టుకున్నడు. ఆరు బంతులు వెయ్యమన్నరు. అలవాటు ప్రకారం మూరెడు బయటకే వేసిండు, తిరిగొస్తదని. రాలే. వైడ్. మళ్లా వైడ్. నాలుగు వైడ్లు అయినంక ఒకాయన ‘టెన్నిస్ బాల్ గాళ్లు గింతే’ అని, ‘నెక్స్ట్’ అన్నడు.

వచ్చేటప్పుడు బస్సుల ఒక్కమాట మాట్లాడలే. తర్వాత ఆడుడే బంద్ చేసిండు. మేము గూడ అప్పుడు ఏమనుకున్నమంటే, మావానికి చెరువు శికంలనే వస్తది, పెద్ద గ్రౌండుల రాదు, మనోళ్లకు గంతే అని. గట్ల అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గయితది.

డిగ్రీల ద్రవాల పాఠం చదివినంక తెలిసింది, ఆ రోజు బంతి ఎందుకు తిరగలేదో.

బంతి గాలిల పోతుంటే దాని ఒంటికి ఆనుకొని ఒక పలుచటి గాలి పొర ఉంటది. జర్మనీ శాస్త్రవేత్త ప్రాండ్ల్ 1904లో ఈ పొర సంగతి తేల్చి చెప్పిండు. పొర సాఫీగ పారుతుంటే దానికి ఊపు తక్కువ. బంతి వెనుక వంపు దాకా పోలేక జల్దీ వదిలేస్తది. అదే పొర సుడులు తిరుగుతుంటే, పైన పోయే గాలి నుంచి ఊపు గుంజుకుంటది, బంతిని పట్టుకొని ఇంకొంచెం వెనుకదాకా పోతది. మనం గజిబిజి ఉంటే నష్టం అనుకుంటం గదా, ఇక్కడ గజిబిజి పొరకే పట్టు ఎక్కువ.

ఇప్పుడు తోలు బంతి చూడండి. నడుమ ఆరు వరుసల కుట్లు లేచి ఉంటయి. ఆ కుట్లను నిలువుగ పట్టి, ఒక 20 డిగ్రీలు స్లిప్ దిక్కు వంచి వేస్తే, కుట్లు ఉన్న పక్క గాలి పొర కుట్లకు తట్టుకొని సుడులు తిరుగుతది, ఆలస్యంగ వదులుతది. నున్నటి పక్క పొర ముందే వదిలేస్తది. దీంతోని బంతి వెనుక గాలి ఒక పక్కకు మళ్లుతది. బంతి గాలిని ఒక దిక్కు నెడితే, గాలి బంతిని ఇంకో దిక్కు నెడుతది. న్యూటన్ మూడో నియమమే. బంతి కుట్లు చూస్తున్న దిక్కే పోతది. వేళ్లు వదిలేటప్పుడు బంతికి వెనుకకు తిరుగుడు ఇస్తరు, బొంగరం తిరుగుతున్నంతసేపు పడనట్టు కుట్లు గూడ ఒరగకుండ నిలబడటానికి. నాసాల పనిచేసిన రబి మెహతా అనే ఆయన గాలి సొరంగంల బంతులు పెట్టి కొలిచిండు. కొత్త బంతి బాగ స్వింగ్ అయ్యేది గంటకు 110 కిలోమీటర్ల అటూఇటూ వేగంలనట. అంటే స్వింగ్ కోసం 150 అక్కర్లేదు.

లెక్క చేసినం. యార్కర్ అనుకోండి, గాలిలనే 18 మీటర్లు పోవాలె. 110 వేగంల 0.59 సెకండ్లు పడుతది. పక్కకు నెట్టే బలం బంతి బరువుల పదోవంతే అనుకుందాం. s = ½at² ల వేస్తే 17 సెంటీమీటర్లు. బ్యాటు వెడల్పు ఎక్కువల ఎక్కువ 10.8 సెంటీమీటర్లే. ఇంకో తమాష చూడండి. సగం దూరం వచ్చేసరికి తిరిగేది 4 సెంటీమీటర్లే, మిగిలిన 13 సెంటీమీటర్లు తర్వాతి సగంలనే. కామెంటరీల ‘లేట్ స్వింగ్’ అంటరు గదా, దాంట్ల చాలా మటుకు ఈ t² మహిమే. ఎప్‌సెట్ రాసే తమ్ముళ్లు ఇది యాదిల పెట్టుకోండి.

ఇగ మావాని సంగతి. తోలు బంతి దాదాపు 160 గ్రాములు. టెన్నిస్ బంతి 60 గ్రాములలోపే. సైజు ఇంచుమించు ఒక్కటే. గాలి అంతే బలంతోని నెడితే తేలిక బంతి రెండున్నర రెట్లకు ఎక్కువనే తిరుగుతది. తోలు బంతి 17 సెంటీమీటర్లు తిరిగే చోట అది ఇంచుమించు 46 తిరుగుతది. అంటే మూరెడు! మావాడు మూరెడు బయట వేసింది తప్పు కాదు, వాని చెయ్యి ఏండ్ల నుంచి చేసిన సరైన లెక్క అది. కాకపోతే అది వేరే బంతి లెక్క. ఇంకోటి, టేపు బంతిల రెండు పక్కల తేడా టేపే తెస్తది. తోలు బంతిల ఆ పని కుట్లు చెయ్యాలె. వాడు కుట్లను అడ్డంగ పట్టుకున్నడు. గట్ల పడితే రెండు పక్కల తేడానే ఉండది, ఎవడు వేసినా తిరగది. కుట్లు ఎందుకుంటయో వానికి అప్పటిదాకా ఒక్కరు గూడ చెప్పలే.

సిరాజ్‌ను చూడండి. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. గల్లీలల్ల టెన్నిస్ బంతితోనే పెరిగిండు. తోలు బంతి చేతికొచ్చేసరికి ఇరవై దాటినయి. 2015లో రంజీ, 2017లో ఇండియా టీ20 టీమ్. 2023 సెప్టెంబర్ 17న కొలంబోల ఆసియా కప్ ఫైనల్ మనందరం ఫోన్లల్ల చూసినం. ఒక్క ఓవర్ల నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు 6. శ్రీలంక 50కే ఆలౌట్. ఆ మ్యాచ్ చూస్తుంటే మాకు కొలంబో కనపడలే. ఆరు బంతులు, ‘నెక్స్ట్’ అన్న మాట, బస్సుల కిటికీ దిక్కు తిరిగి కూసున్న మావాడు యాదికొచ్చిన్రు. సిరాజ్‌కు తోలు బంతితోని ఆరు బంతుల కంటే ఎక్కువ వేసే మోక దొరికింది. అతని కష్టాన్ని తక్కువ చేస్తలేం. మావానికి దొరకలేదని చెప్తున్నం.

ఈ ఎండాకాలం మేము చందా వేసుకొని రెండు తోలు బంతులు కొన్నం. శికం గరుకు నేలకు ఒక్క పూటల తోలు లేచిపోతదని పిచ్ మీద పాత కొబ్బరినార చాప పరిచినం. చిన్న పోరగాళ్లకు కుట్లు చూపించినం, వేళ్లు ఎక్కడ పెట్టాలెనో చెప్పినం. మా మాటల కంటే వాళ్ల వేళ్లే జల్దీ నేర్చుకున్నయి. కిందమీద పడి ఒక పిల్లగాడు రెండో రోజే బంతిని బయటకు తిప్పిండు.

మావాడు ఇప్పుడు హైదరాబాద్‌ల డీసీఎం నడుపుతున్నడు. పండుగకు ఇంటికొచ్చిండు. శికం కట్ట మీద బండి ఆపి చాలాసేపు చూసిండు, దిగలే. మేమే పోయి ఈ లెక్కంత చెప్పినం, మట్టిల పుల్లతోని గీసి. మూరెడు ముచ్చట దగ్గర మాత్రం, ‘ఇంకోసారి చెప్పుర్రి’ అన్నడు. చెప్పినం.

పిల్లగాని చేతులకెళ్లి బంతి తీసుకొని, అడ్డంగ పట్టుకోబోయి ఆగిండు. కుట్లు నిలువుగ తిప్పిండు.

‘ఏ దిక్కు వంచాల్రా?’ అన్నడు.