ఎముక ముక్కకి తొందర పనికిరాదు

కండ ముక్కనైతే మైనపు దిమ్మలో బిగించి మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసేస్తారు. ఎముక అలా తెగదు, కాల్షియం ఉంది కదా! ముందు ఫార్మలిన్‌లో నానాలి, ఆ తర్వాత కాల్షియాన్ని కరిగించాలి. మా మేనమామ వెన్నెముక బయాప్సీ రిపోర్టు వారమైనా రాకపోతే ఇంటిల్లిపాదీ ల్యాబు వాళ్ళని తిట్టుకుంటుంటే, పాథాలజీ చదివిన మా చెల్లెలు చెప్పిందిదంతా.

నైట్రిక్ ఆమ్లమో, హైడ్రోక్లోరిక్ ఆమ్లమో పోస్తే చిన్న ముక్క గంటల్లో మెత్తబడుతుందిట. ఫార్మిక్ ఆమ్లం కాస్త నిదానం. ఈడీటీఏ అయితే మరీ నత్తనడక, ముక్క పెద్దదైతే వారాలు కూడా పట్టొచ్చు.

"మరి త్వరగా అయ్యేదే వాడొచ్చుగా?" అన్నాడు బావ. మా మేనేజరూ అచ్చం ఇలాగే అంటాడు లెండి. చిక్కేమిటంటే, ఘాటు ఆమ్లం కాల్షియంతో సరిపెట్టుకోదు, కణాల్లోని డీఎన్ఏని కూడా తునకలు చేస్తుంది. మామయ్యది ఊపిరితిత్తుల్లో మొదలై ఎముకకి పాకిన కేన్సరని డాక్టర్ల అనుమానం. అదే నిజమైతే, ఏ మందు పడుతుందో తేల్చే ఈజీఎఫ్ఆర్ పరీక్షకి ఆ డీఎన్ఏనే కావాలి. అది చెడితే 68 ఏళ్ళ మనిషికి మళ్ళీ వెన్నులో సూది గుచ్చాలి. వారం ఎక్కువా, అది ఎక్కువా?

నా మటుకు నాకు తోచింది ఒకటే. మీ ఇంట్లో ఎవరికైనా ఎముక బయాప్సీ అంటే, జన్యు పరీక్ష అవసరం పడొచ్చా అని డాక్టర్ని ముందే అడగండి. అవసరమైతే ఆ సంగతి ల్యాబుకి రాసి పంపమనండి. ముక్కలో మెత్తటి భాగమేదైనా దొరికితే, వాళ్ళు దాన్ని ఆమ్లంలో వెయ్యకుండా విడిగా ఉంచగలరు.