తీపి నుంచి పుట్టిన మాట

ఇంగ్లీషులో 'స్వావ్' అని ఒక మాట ఉంది. నలుగురిలో బెరుకు లేకుండా, గొంతు పెంచకుండా, ఎదుటివాణ్ణి ఇట్టే ఆకట్టుకునే మనిషిని అలా అంటారు. మా హాస్టల్లో ఈ బిరుదు ఇస్త్రీ చొక్కాకీ, తడుముకోని ఇంగ్లీషుకీ మాత్రమే దక్కుతుంది. మాబోటి పల్లెటూరివాళ్ళం ఆ లెక్కలోకి రాం.

రసాయనశాస్త్రం చదివేవాడికి దేన్నయినా విడగొట్టి చూడందే తోచదు కదా! ఈ మాటనీ అలాగే చూశాను. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది. మూలం లాటిన్ 'సువావిస్'. దాని అర్థం ఏమిటో తెలుసా? తియ్యనిది, ఇంపైనది. అంతే! మన 'స్వాదిష్టం'లో ఉన్న సంస్కృత 'స్వాదు', ఇంగ్లీషు 'స్వీట్', ఈ 'సువావిస్' ఒకే వేరుకి వచ్చిన పిలకలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల ధాతువుల్లోనూ వ్యాకరణంలోనూ పోలికలు చూసే, 1786లో కలకత్తాలో విలియం జోన్స్ వాటి పుట్టిల్లు ఒక్కటే అయివుండాలన్నాడు. తెలుగుది వేరే కుటుంబం. అయినా మనమూ మంచి మాటని 'తియ్యని మాట' అనే అంటాం.

అదే వేరుకి మరో పిలక 'పర్స్వేడ్', అంటే నచ్చజెప్పడం. మిర్చి యార్డులో దళారి "బాబాయ్" అంటూ భుజం మీద చెయ్యి వేసి ధర తగ్గించేది ఈ తీపితోనే. మా నాన్నకి ఆ రుచి బాగా తెలుసు.

మర్యాదని చెప్పే మాటలు చాలావరకు పట్నం పక్షమే. 'అర్బేన్' లాటిన్ నగరంలోంచి, మన 'నాగరికుడు' సంస్కృత నగరంలోంచి వచ్చారు. 'విలన్' మొదట్లో పొలంలో పనిచేసేవాడు. మోటువాడనే 'బూర్' మొదట రైతే. మన 'గ్రామ్యం' సంగతి చెప్పనే అక్కర్లేదు. నిఘంటువులు రాసినవాళ్ళు నాగలి పట్టినవాళ్ళు కారు మరి! 'స్వావ్' పుట్టుకలో మాత్రం ఊరూ లేదు, పట్నమూ లేదు. ఉన్నది తీపి ఒక్కటే.

మా నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. గడప తొక్కినవాడు కూలివాడైనా, ఆఫీసరైనా, ముందు చెంబుతో నీళ్ళిచ్చి "కూర్చో నాయనా, ఎండనపడి వచ్చావు" అంటుంది. వచ్చిన పనేమిటని ఆ తర్వాతే అడుగుతుంది. అప్పు అడగడానికి వచ్చి, లేదనిపించుకున్నవాడు కూడా మొహం చిన్నబుచ్చుకోకుండా వెళ్ళడం నేను చూశాను.

హాస్టల్ మిత్రులారా, ఈసారి బిరుదులు పంచేటప్పుడు ఇస్త్రీ చొక్కాలతోబాటు మా నాయనమ్మ నేతచీరని కూడా లెక్కలోకి తీసుకోండి.

— బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి