నౌషాదర్

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ పేరుకే డైనింగ్ టేబుల్. దానిమీద తినేది చుట్టాలొచ్చినప్పుడు, రంజాన్‌లో ఇఫ్తార్‌కి. మిగతా రోజులన్నీ కరెంటు బిల్లులు, అమ్మీ మందులు, ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు. పోయిన నెల వాటి మీదికి రెండు కితాబులు వచ్చి చేరాయి.

ఒకటి నాది. జార్జ్ మోర్టన్-జాక్ రాసిన ‘ది ఇండియన్ ఎంపైర్ ఎట్ వార్’. మొదటి ప్రపంచ జంగ్‌లో మన సిపాయిల తారీఖ్. 2018లో వచ్చింది, నా చేతికి ఇప్పుడు దొరికింది. రెండోది మా పెద్దమ్మాయిది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయి రిసెర్చికి అప్లికేషన్లు పెట్టుకుంటోంది. పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ కలిసి రాసిన ‘గ్రీన్ కెమిస్ట్రీ’. సన్నటి కితాబు. 1998లో అచ్చయింది, అంటే మా అమ్మాయి కంటే పెద్దది. కానీ తన ఫీల్డులో ఇప్పటికీ అందరూ అక్కణ్ణించే మొదలుపెడతారట.

అమ్మీ కళ్లజోడు సర్దుకుని రెండిటి అట్టలూ చూసింది. “క్యా హై రే ఇస్మే?” అంది.

“నాది జంగ్ గురించి అమ్మీ. దానిది కీమియా గురించి.”

కీమియా అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లయిందో! మా ఉర్దూ మీడియం స్కూల్లో కెమిస్ట్రీ అంటే కీమియానే. యాసిడ్‌ని తుర్షా అనేవాళ్లం, బేస్‌ని అసాస్ అనేవాళ్లం, రెండూ కలిస్తే నమక్. ఉర్దూలో ఇలాంటి ఇల్మీ మాటలు కూర్చడానికి హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. ఆ పెద్దమనుషుల మెహనత్ ఎక్కడెక్కడో తిరిగి మా కడప గల్లీ స్కూలు నల్లబోర్డు దాకా వచ్చింది. తర్వాత నేను తెలుగు సాహిత్యంతో డిగ్రీ చేసి పేపర్లో చేరాను. ఆమ్లం, క్షారం, లవణం అనే మాటలు డెస్కులో తర్జుమాలు చేస్తూ నేర్చుకున్నవే. అందుకే నా బుర్రలో సైన్సు ఇప్పటికీ రెండు జబాన్లలో ఉంటుంది, రెండిట్లోనూ సగం సగమే.

నా కితాబులో నేను ఆగిపోయిన చోటు ఈప్ర్. బెల్జియంలో చిన్న ఊరు. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం జర్మన్లు అక్కడ వేల సిలిండర్ల మూతలు తిప్పి 150 టన్నులకు పైగా క్లోరిన్ గాలిలోకి వదిలారు. గాలి ఎటు వీస్తే అటు పోయింది ఆ పచ్చటి మబ్బు. దానికి ఎదురుగా కందకాల్లో ఉన్నవాళ్లు ఫ్రెంచి ఫౌజులో పనిచేసేవాళ్లు, వాళ్లలో అల్జీరియా నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. ఎవరి జంగో, ఎవరి ఊపిరితిత్తులో. నాలుగు రోజుల తర్వాత, 26న, మన లాహోర్ డివిజన్‌ని అదే చోట ఎదురుదాడికి పంపారు. మళ్లీ గ్యాసు వదిలారు. మాస్కులు లేవు. తడిగుడ్డ ముక్కుకి అదుముకున్నవాళ్లు కొందరు, అదీ లేనివాళ్లు కొందరు.

వాళ్లలో జమాదార్ మీర్ దస్త్ ఒకడు. ఆఫ్రిదీ పఠాన్. తెల్ల అఫ్సర్లందరూ పడిపోయాక మిగిలిన సిపాయిలను తానే కూడగట్టాడు. తర్వాత తూటాల మధ్య ఎనిమిది మంది అఫ్సర్లను, మనవాళ్లూ తెల్లవాళ్లూ, వెనక్కి మోసుకు రావడానికి సాయపడ్డాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. బ్రైటన్‌లో రాజుగారి పాత మహల్‌ని మన జఖ్మీ సిపాయిలకి ఆసుపత్రిగా మార్చారు కదా, అక్కడే ఆ ఆగస్టులో ఐదో జార్జి రాజు తన చేత్తో తగిలించాడు. అయితే ఆ గ్యాసు మాత్రం ఒంట్లోంచి పోలేదు.

ఇక్కడ ఇంకో కిస్సా ఉంది. మీర్ దస్త్ తమ్ముడు మీర్ మస్త్ కూడా అదే ఫౌజు. ఆ మార్చిలోనే ఒక రాత్రి కొందరు ఆఫ్రిదీలతో కలిసి కందకం దాటి జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. బెర్లిన్ దగ్గర వున్స్‌డార్ఫ్‌లో ముస్లిం ఖైదీల కోసం జర్మన్లు ఒక క్యాంపు పెట్టారు. పేరు హిలాల్ క్యాంపు. ఖలీఫా మన దోస్తు, మీరూ ఇటు రండి అని బుజ్జగించడానికి. అక్కడ కట్టెతో ఒక మస్జిద్ కూడా కట్టించారు, జర్మనీలో మొదటి మస్జిద్ అదే. ఒక అమ్మకి పుట్టిన ఇద్దరిలో అన్నకి బ్రిటిష్ మెడల్, తమ్ముడికి జర్మన్ మెహమాన్‌దారీ. ఎవరు గద్దార్, ఎవరు వఫాదార్ అని టీవీ చర్చల్లో తేల్చేవాళ్లకి ఈ ఇద్దరినీ అప్పగించాలనిపిస్తుంది నాకు.

నన్ను ఇంకా పట్టుకుని వదలనిది ఆ సిపాయిల ఖత్‌లు. వాటిలో ఎన్నో ఉర్దూలో రాసినవి, లేదా రాయించినవి. సెన్సార్ ఆఫీసు వాటిని చదివి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టు పెట్టేది. ఇవాళ మనకి మిగిలినవి చాలావరకు ఆ ఇంగ్లీషు ముక్కలే. సెన్సార్ కన్ను కప్పడానికి మనవాళ్లు నల్లసిపాయిలను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలనీ రాసేవాళ్లట. నేను ఆ ఇంగ్లీషు ముందు పెట్టుకుని, అసలు ఉర్దూ ఎలా ఉండి ఉంటుందా అని గొణుక్కుంటూ కూర్చుంటాను. జబాన్ తెలుసు, ఖత్ మాత్రం లేదు.

“అబ్బూ, ఆ క్లోరిన్ వదిలించిందెవరో తెలుసా?” అంది మా అమ్మాయి ఒక రాత్రి, నా కితాబు తిరగేస్తూ.

ఫ్రిట్జ్ హేబర్. దగ్గరుండి వదిలించాడు. అదే మనిషి అంతకు కొన్నేళ్ల ముందు గాలిలోని నైట్రోజన్‌ని పట్టి అమ్మోనియా చేయడం కనిపెట్టాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు, 1913లో ఓపౌలో మొదలైంది. ఇవాళ మన రైతు చల్లే యూరియా ఆ దారిలో వచ్చిందే. ప్రపంచంలో దాదాపు సగం మంది కంచంలో తిండి ఆ అమ్మోనియా పుణ్యమే అంటారు. జంగ్‌లో జర్మనీ దానితోనే బారూద్ చేసుకుంది, ఎందుకంటే చిలీ నుంచి సురేకారం తెచ్చే ఓడల్ని ఇంగ్లీషువాళ్లు ఆపేశారు. హేబర్ భార్య క్లారా కూడా కెమిస్ట్రీలో డాక్టరేటు. ఈప్ర్ అయిన పది రోజులకి, మే 2 తెల్లవారుజామున, భర్త పిస్తోలుతోనే కాల్చుకుని చనిపోయింది. 1918 సంవత్సరానికి కెమిస్ట్రీ నోబెల్ ఆయనకే ఇచ్చారు. పుట్టుకతో యూదు కాబట్టి 1933లో అదే జర్మనీ విడిచి వెళ్లాల్సి వచ్చింది.

ఇదంతా చెప్పి మా అమ్మాయి అసలు మాట చెప్పింది. తనకి రిసెర్చి సీటు వచ్చింది. టాపిక్కు అమ్మోనియా. ఇప్పుడు హైడ్రోజన్‌ని సహజవాయువు నుంచి తీసి, నాలుగైదు వందల డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో చేస్తున్నారు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఒక శాతానికి పైగా ఈ ఒక్క పని వల్లే. అదే హైడ్రోజన్‌ని ఎండతోనో గాలితోనో వచ్చిన కరెంటుతో నీళ్లలోంచి తీస్తే గ్రీన్ అమ్మోనియా. మన కాకినాడలోనే పాత ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నచోట అలాంటి ప్లాంటు వస్తోంది. తన పని ఇంకా తక్కువ వేడిలో ఆ రెండు వాయువుల్ని కలిపే ఉత్ప్రేరకం మీద.

నేను ముబారక్ చెప్పేలోపే అమ్మీ లోపల్నుంచి అడిగింది, “అమ్మోనియా అంటే ఏంటి?”

మా అమ్మాయి ఆలోచించకుండా చెప్పేసింది. “దాదీ, దాదాజాన్ కళాయికి వాడేవారే నౌషాదర్. అందులో సగం ఇదే.”

ఇంట్లో సడన్‌గా నిశ్శబ్దం. తర్వాత అమ్మీ, “నక్కో. ఆ ధువాఁ ఒకణ్ణి తినింది చాలు” అంది. అంతే. ఆ రాత్రి రొట్టె కూడా సరిగా తినలేదు.

మా మర్హూం అబ్బా కళాయి వేసేవారు. ఈ తరం పిల్లలకి చెప్పాలంటే, ఇత్తడి, రాగి గిన్నెల్లో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది. అందుకని లోపల తగరం పూత పూయాలి. అబ్బా సందు మొదట్లో చిన్న గుంట తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసేవారు. గిన్నె కాలగానే దూదితో నౌషాదర్ పొడి రుద్దేవారు. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల చంద్రుడు పుట్టినట్టు ఉండేది. మేం పిల్లలం దాన్ని చూడ్డానికే పోయేవాళ్లం. తిత్తి తొక్కింది నేనే, సెలవుల్లో.

ఆ పొగ ఏమిటో నాకు యాభై దగ్గరకొచ్చాక నా కూతురు చెప్పింది. నౌషాదర్ వేడికి రెండుగా విడిపోతుంది, ఒకటి అమ్మోనియా, ఇంకొకటి హైడ్రోజన్ క్లోరైడ్. ఆ ఆమ్లపు ఆవిరే గిన్నెకున్న మురికిపొరను తినేసి తగరానికి దారిస్తుంది. చల్లబడగానే రెండూ మళ్లీ కలిసి తెల్లపొగ. అల్‌రాజీ తన కితాబులో నౌషాదర్‌ని, పాదరసాన్ని, గంధకాన్ని ‘అర్వాహ్’ల్లో చేర్చాడట, అంటే రూహ్‌లు. మంట తగిలితే ఎగిరిపోతాయి కాబట్టి. ఆ రూహ్‌ని అబ్బా ముప్పై ఏళ్లకు పైగా ముక్కుతో పీల్చారు. చివర్లో దమ్ము. రాత్రుళ్లు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవారు. ఆసుపత్రిలో డాక్టరు, పని ఏమిటి అని అడిగాడు. కళాయి అని చెప్పాం. చీటీ మీద బీడీలా అని ఇంకోసారి అడిగి, కాదంటే ఊరుకున్నాడు. బొగ్గు పొగ వల్లో, నౌషాదర్ వల్లో, రెండిటి వల్లో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అడగకపోవడమే నన్ను కోస్తోంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ లీకై 12 మంది పోయినప్పుడు స్టైరీన్ అంటే ఏమిటి, ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుంది అని బాక్స్ ఐటం రాసింది నేనే. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేశాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి కూడా నేను తర్జుమా చేశాను. ఇంట్లో దగ్గు మాత్రం నాకు ఖబర్‌గా కనబడలేదు.

మర్నాడు నేను మా అమ్మాయి సన్నకితాబు పట్టుకున్నాను. సగం అర్థం కాలేదు, దాచేదేముంది. అందులో పన్నెండు ఉసూల్ ఉన్నాయి. మొదటిదే పిల్లికి గంట కట్టేది. చెత్త చేసి తర్వాత శుభ్రం చేయడం కాదు, అసలు చెయ్యకు. చివరిది, ప్రమాదం జరిగినా ప్రాణం పోని పదార్థాలనే ఎంచుకో. ఇది చదవగానే ఎవరికైనా 1984 డిసెంబరు భోపాల్ గుర్తొస్తుంది. ఆ పురుగుమందుని మిథైల్ ఐసోసైనేట్ జోలికి పోకుండా కూడా చేయొచ్చు. ఆ దారి తెలుసు కూడా. దాన్ని వదిలి, నలభై టన్నుల జహర్ ఒక ట్యాంకులో నిలవ పెట్టుకున్నారు, బస్తీల పక్కన.

తలనొప్పికి మింగే ఇబుప్రొఫెన్ ఒకప్పుడు ఆరు దశల్లో చేసేవాళ్లు. వేసిన సరుకులో నలభై శాతమే మాత్రలోకి పోయేది, మిగతాది చెత్త. తర్వాత మూడు దశలకి తెచ్చారు, డెబ్బై ఏడు శాతానికి పెంచారు. ఇది నాకు కళాయిలా సాఫ్‌గా అర్థమైంది. పోతే, ‘గ్రీన్’ అనే మాటని ఇవాళ ప్రతి కంపెనీ గేటు మీద రాసుకుంటోంది. మా అమ్మాయితో అదే అన్నాను. “అందుకే అబ్బూ, లెక్క అడగడం నేర్పే కితాబు ఇది” అంది.

జుమా రోజు నమాజ్ నుంచి వచ్చేసరికి టేబుల్ మీద కితాబులు పక్కకి జరిగి ఉన్నాయి. అబ్బా పాత రేకుడబ్బా మూత తీసి ఉంది. అడుగున నౌషాదర్ గడ్డలు, ఇన్నేళ్లకీ అలాగే. మా అమ్మాయి చిన్నముక్క నలిపి, అమ్మీ పాన్‌దాన్‌లోంచి సున్నం తీసి, రెండూ ఒక సాసర్‌లో రుద్దుతోంది. ఘాటు నా ముక్కుదాకా కొట్టింది.

“చూడు దాదీ, అమ్మోనియా అంటే ఇదే.”

అమ్మీ వాసన చూసి తల వెనక్కి లాక్కుంది. కళ్లలో నీళ్లు, వాసనకో దేనికో.

“ఇది నాకు తెలీదా,” అంది. “వీడు కడుపులో ఉన్నప్పుడు నాకు చక్కర్ వచ్చి పడిపోతే మీ దాదా నౌషాదర్, చూనా కలిపి ముక్కు దగ్గర పెట్టేవారు. సీసాలో వేసి బిరడా పెట్టుకుని జేబులో తిప్పేవారు నాకోసం.”

తర్వాత చాలాసేపు సాసర్ వైపే చూసింది. “నువ్వు పనిచేసే కమరాలో కిటికీ ఉంటుందా?”

“కిటికీ కాదు దాదీ, ఫ్యూమ్ హుడ్ అని ఉంటుంది. అద్దాల అల్మారాలాగా. పొగంతా పైకి లాగేస్తుంది. చేతులు మాత్రమే లోపల పెడతాం, ముక్కు బయటే.”

“ఎంతవుతుంది అది?”

మా అమ్మాయి లక్షల్లో ఏదో చెప్పింది. అమ్మీ రేకుడబ్బా మూత గట్టిగా నొక్కి, చీరకొంగుతో తుడిచి నా చేతికిచ్చింది, పైన పెట్టమని. తర్వాత మనవరాలిని అడిగింది, రైలు ఎన్ని గంటలకి, దారిలోకి రోటీలు చేయాలా, పులిహోర చాలా అని.