మూడు శంకువుల బియ్యం

మా పాప ఎనిమిదో తరగతి. పోయిన నెల లెక్కల పరీక్ష పేపరు తెచ్చి బ్యాగులో అడుగున దాచేసింది. టిఫిన్ డబ్బా కోసం వెతుకుతుంటే నా చేతికి దొరికింది. 25కి 9. నేను కోప్పడబోయే లోపే కళ్లనీళ్లు పెట్టుకుని అనేసింది, "నాకు లెక్కలు రావమ్మా. నీకూ రాలేదు కదా!"

చాలా గట్టిగా తగిలిందండీ ఆ మాట. నిజమే, పదో తరగతిలో నాకు లెక్కలు పోయాయి. మళ్లీ కట్టి గట్టెక్కాను గానీ, ఇంటర్‌లో లెక్కలున్న గ్రూపు వైపు చూడను కూడా చూడలేదు. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పానో. నా కూతురు దాన్ని ఇలా దాచుకుందని మాత్రం అనుకోలేదు.

పేపరు తీసి చూశాను. స్థూపం ఘనపరిమాణం లెక్క. పై ఆర్ స్క్వేర్ హెచ్ అని సూత్రం సరిగ్గానే రాసింది. వ్యాసార్ధం వేయాల్సిన చోట వ్యాసం వేసేసింది. నేను కూడా అప్పట్లో ఇలాగే సూత్రం బట్టీపట్టి, ఎక్కడ ఏది వేయాలో తెలియక తప్పేదాన్ని.

వంటింట్లోకి రమ్మన్నాను. కాఫీపొడి స్టీలు డబ్బా ఖాళీ చేసి చేతికిచ్చాను. లోపల కొలిస్తే అడ్డం 7 సెంటీమీటర్లు, ఎత్తు 9. "ఇందులో ఎన్ని పాలు పడతాయో చెప్పు" అన్నాను. దాని పద్ధతిలో 1386 మిల్లీలీటర్లు వచ్చింది. దాదాపు మూడు అర లీటరు ప్యాకెట్లు! ఒక ప్యాకెట్టు కత్తిరించి పొయ్యమన్నాను. డబ్బా నిండిపోయింది, ప్యాకెట్టులో ఇంకా చిన్న గ్లాసుడు పాలు మిగిలే ఉన్నాయి. "మిగతా రెండు ప్యాకెట్లు ఎక్కడ పోస్తావే?" అంటే ఏడుపు మొహంలోనే నవ్వేసింది. మళ్లీ 3.5తో వేసింది. 346.5. "సగం చేస్తే నాలుగో వంతయిందేంటమ్మా?" అని తనే అడిగి, "ఓ, రెండుసార్లు గుణిస్తాం కదా" అని తనే చెప్పుకుంది.

మరుసటి రోజు మా బావగారబ్బాయి కూడా చేరాడు. వాడు తొమ్మిదో తరగతి. "పిన్నీ, శంకువైతే అందులో మూడో వంతు" అన్నాడు. ఎందుకురా అంటే పుస్తకంలో ఉందన్నాడు. సరే చూద్దామని పాత క్యాలెండరు కాగితం చుట్టి, డబ్బా మూతికి సరిపోయేలా శంకువు చేశాం. బియ్యం నింపి మూడుసార్లు పోశాం. డబ్బా నిండలేదు! ముప్పావు సెంటీమీటరు వెలితి.

నా గుండె జారిపోయింది. 'సర్లే, సుమారుగా వచ్చింది కదా' అనబోయాను. నా చిన్నప్పటి భయం అది, జవాబు రాకపోతే అక్కడితో పుస్తకం మూసేయడం. వాడు మాత్రం స్కేలు తీసి శంకువును లోపల, బయట కొలిచాడు. "పిన్నీ, మనం కాగితం 9 సెంటీమీటర్లు కత్తిరించాం. అది ఏటవాలు ఎత్తు. నిటారుగా చూస్తే ఎనిమిది చిల్లరే ఉంది." పైథాగరస్ సిద్ధాంతంతో లెక్కేసి కాగితం 9.7కి కత్తిరించాడు. ఈసారి మూడో శంకువుతో బియ్యం డబ్బా అంచుకు సమంగా వచ్చింది. పాప అరచేత్తో నిమిరి నిమిరి చూసింది.

గోళం సంగతి రాత్రి భోజనాల దగ్గర వచ్చింది. మా ఇంట్లో రాత్రి రాగిసంగటే. వాళ్ల నాన్న ముద్ద అడ్డం 8 సెంటీమీటర్లుంటే, తన ముద్ద 4. "నాన్నది నాకు రెండింతలే" అంది. కాదు, ఎనిమిదింతలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలవుతాయి కదా. వాళ్ల నాన్న తన కంచం కాస్త పక్కకు జరుపుకున్నారు! గోళం తనకు సరిగ్గా పట్టే స్థూపంలో మూడింట రెండు వంతులని ఆర్కిమెడిస్ నిరూపించాడు. ఆ బొమ్మనే తన సమాధి మీద చెక్కమన్నాడట. శంకువు ఒక వంతు, గోళం రెండు వంతులు, స్థూపం మూడు వంతులు. ఇది తెలిశాక నాకు కూడా ఆ సూత్రాలు మళ్లీ మర్చిపోలేదు.

మా పలమనేరు మట్టిపనికి పేరున్న ఊరు కదా. ఎండలు ముదిరాయని కుండ కొనడానికి వెళితే పాప కూడా వచ్చింది. "దీని సూత్రమేంటమ్మా?" అంది. కింద బొజ్జ, పైన మెడ, దానికి పుస్తకంలో సూత్రమేముంటుంది? కుండలు చేసే తాతే చెప్పాడు, "తొమ్మిది లీటర్లు పడతాది పాపా. చేతికి తెలిసిపోతాది. పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా పెద్దది, ఆరి కాలినాక చిక్కిపోతాది."

ఇంటికొచ్చి కాఫీపొడి డబ్బాతోనే కొలిచింది. 26 డబ్బాలు. గుణిస్తే 9 లీటర్లు! అంతటితో ఊరుకోలేదు. అన్ని వైపులా పదో వంతు చిక్కిందనుకుంటే, పచ్చి కుండలో ఎన్ని పట్టేవని కాగితం తీసింది. నేను పది లీటర్లు అనుకున్నాను. దానికి పన్నెండు దాటింది. సరిచూస్తే దానిదే కరెక్టు. తాత చేతిలో ఎంత లెక్క ఉందో నాకప్పుడు తెలిసింది.

మొన్న పరీక్షలో 25కి 18 వచ్చాయి. ఒక లెక్కకు ఘనపు సెంటీమీటర్లని రాయడం మర్చిపోయింది. ఈసారి పేపరు దాచలేదు, తెచ్చి టీవీ మీద పెట్టింది.

నేను కూడా ఒకటి మానేశాను. నాకు లెక్కలు రావని నవ్వుతూ చెప్పుకోవడం. మీరు కూడా పిల్లల ముందు ఆ మాట అనకండి. మనం మర్చిపోతాం గానీ, వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.